ఫైలుకు మ్యాప్ చేసిన బఫర్‌ను ఎవరు మూయాలి?

జావాలో ఫైలు తెరిస్తే, పని అయ్యాక మూయడానికి క్లోజ్ అనే మెథడ్ ఉంటుంది. సాకెట్‌కూ ఉంటుంది, డేటాబేస్ కనెక్షన్‌కూ ఉంటుంది. కానీ ఫైలును మెమరీలోకి మ్యాప్ చేసినప్పుడు చేతికొచ్చే మ్యాప్డ్‌బైట్‌బఫర్‌కు అలాంటిదేమీ లేదు. ఈ క్లాసు 2002లో జావా 1.4తో వచ్చింది. అదే ఏడాది, దీనికి అన్‌మ్యాప్ (మ్యాపింగ్‌ను విడదీసే) మెథడ్ కావాలంటూ జావా బగ్‌ల జాబితాలో 4724038 నంబరుతో ఒక విన్నపం నమోదైంది. సరైన జవాబు కోసం 2024 మార్చిలో జావా 22 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఈ 22 ఏళ్లూ ఎవరూ పట్టించుకోలేదని కాదు. చూడటానికి నాలుగు లైన్ల మెథడ్‌లా కనిపించే ఈ పని వెనక పెద్ద పేచీ ఉంది. ఆబ్జెక్టు ఎంతకాలం బతకాలో, ఎవరూ వాడని ఆబ్జెక్టుల మెమరీని వెనక్కి తీసుకునే గార్బేజ్ కలెక్టర్ తేలుస్తుంది. మ్యాపింగ్‌ను మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ నడుపుతుంది. ఒకే బఫర్‌కు ఇద్దరు యజమానులు, ఒకరి లెక్క ఒకరికి తెలియదు. మ్యాప్డ్ బఫర్లతో ప్రొడక్షన్‌లో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే. పాఠ్యపుస్తకాల్లో "వేగంగా ఫైలు చదివే పద్ధతి" అని రెండు లైన్లతో వదిలేస్తారు కాబట్టి, ఆ మూలం దాకా వెళ్లి చూద్దాం.

మ్యాప్ చేస్తే జరిగేదేమిటి

మామూలుగా ఫైలు చదవాలంటే రీడ్ అనే సిస్టమ్ కాల్ చేస్తాం. కెర్నల్ ఆ డేటాను డిస్కు నుంచి తన పేజ్ కాష్‌లోకి (ఫైళ్ల డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) తెచ్చుకుని, అక్కడి నుంచి మన బఫర్‌లోకి కాపీ చేస్తుంది. అంటే అదే డేటా మెమరీలో రెండు చోట్ల ఉంటుంది. చదివిన ప్రతిసారీ ఒక సిస్టమ్ కాల్, ఒక కాపీ.

మ్యాప్ చేసినప్పుడు ఆ రెండో కాపీ ఉండదు. మన ప్రాసెస్ అడ్రస్ స్పేస్‌లో కొంత మేర కెర్నల్ ఆ ఫైలు పేరిట రాసిపెడుతుంది, అంతే. అప్పటికి డిస్కు నుంచి ఒక్క బైటు కూడా రావాల్సిన పని లేదు. అందుకే 1 జీబీ ఫైలును మ్యాప్ చేసినా కాల్ దాదాపు వెంటనే తిరిగొస్తుంది. తర్వాత మనం ఏదో ఒక అడ్రసును మొదటిసారి తాకినప్పుడు ప్రాసెసర్ పేజ్ ఫాల్ట్ ఎత్తుతుంది, అంటే ఆ పేజీ (మెమరీని లెక్కపెట్టే స్థిరమైన సైజు ముక్క) ఇంకా అందలేదని కెర్నల్‌కు చెబుతుంది. కెర్నల్ ఆ పేజీని పేజ్ కాష్‌లో వెతికి, లేకపోతే డిస్కు నుంచి తెచ్చి, మన అడ్రసుకు తగిలిస్తుంది. ఆ పేజీ సైజు ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో 4096 బైట్లు. ఆపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌లలో 16 కేబీ.

ఈ ఆలోచన జావా కంటే చాలా పాతది. 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లోనే ఎమ్‌మ్యాప్ కాల్ రూపురేఖలు రాసుకున్నారు గానీ అమలు చేయలేదు. 1988లో సన్‌ఓఎస్ 4.0 దాన్ని నిజం చేసింది.

జావాలో దీని తలుపు ఫైల్‌చానెల్ క్లాసులోని మ్యాప్ మెథడ్. మోడ్, మొదలయ్యే చోటు, పొడవు అనే మూడూ ఇస్తే మ్యాప్డ్‌బైట్‌బఫర్ వస్తుంది. మోడ్‌లు మూడు. రీడ్ ఓన్లీలో రాయడానికి వీల్లేదు. రీడ్ రైట్‌లో బఫర్‌లో రాసింది ఫైలుకు చేరుతుంది, అదే ఫైలును మ్యాప్ చేసుకున్న ఇతర ప్రాసెస్‌లకూ కనిపించవచ్చు. ప్రైవేట్‌లో రాసిన పేజీకి మనకోసం విడిగా కాపీ తయారవుతుంది, ఫైలు మాత్రం మారదు. ఇంకో సంగతి: మ్యాప్ చేశాక ఫైల్‌చానెల్‌ను మూసేసినా బఫర్‌కు ఏమీ కాదు. చానెల్‌కూ మ్యాపింగ్‌కూ సంబంధం అక్కడితో తెగిపోతుంది. ట్రై బ్లాకులో చానెల్ తెరిచాను, అది దానంతట అదే మూసుకుంది, కాబట్టి ఫైలుతో నా పని ముగిసింది అనుకుంటే పొరపాటే.

క్లాసుల వరసలోనూ ఒక విచిత్రం ఉంది. హీప్ (జావా ఆబ్జెక్టులు ఉండే మెమరీ) బయట మెమరీ తీసుకునే డైరెక్ట్‌బైట్‌బఫర్ అనే క్లాసు, ఫైలుతో ఏ సంబంధం లేకపోయినా, మ్యాప్డ్‌బైట్‌బఫర్ నుంచే దిగుతుంది. న్యాయంగా వరస తిరగబడాలి. జావా ఓపెన్ సోర్సు రూపమైన ఓపెన్‌జేడీకే సోర్సులో ఆ క్లాసు రాసినవాళ్లే, ఇది వెనక్కి తిప్పినట్టు ఉందని ఒప్పుకుంటూ కామెంట్ రాశారు. స్పెసిఫికేషన్ సరళంగా ఉండటానికీ, ఆప్టిమైజేషన్‌కూ ఇలా చేశామన్నది వాళ్ల వివరణ. కాబట్టి ఒక బఫర్ మ్యాప్డ్‌బైట్‌బఫర్ టైపుదా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడిగి, అవునంటే దాని వెనక ఫైలు ఉన్నట్టే అని తేల్చుకోవడం తప్పు. పైగా ఈ క్లాసుల కన్‌స్ట్రక్టర్లు బయటివాళ్లకు అందవు, మనం ఎక్స్‌టెండ్ చేయలేం. మన క్లాసు లోపల బఫర్‌ను ఫీల్డుగా పెట్టుకుని, బయటికి అర్థవంతమైన మెథడ్‌లు మాత్రమే ఇవ్వడం ఒక్కటే దారి. నా లెక్కలో ఇది మంచిదే. బఫర్‌ను బయటికి వదిలిన క్లాసును తర్వాత ఎవరూ మూయలేరు.

కాఫ్కా ఇండెక్సు ఫైలు లోపల

దీన్ని చక్కగా చేసిన కోడ్ చూడాలంటే, ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లను దాచి అందించే అపాచీ కాఫ్కా సోర్సు తెరవాలి. కాఫ్కా తన మెసేజ్‌లను లాగ్ ఫైళ్లలో మామూలు చానెల్ ద్వారానే రాస్తుంది. ఆ లాగ్‌లో ఏ మెసేజ్ ఎక్కడుందో చెప్పే ఇండెక్సు ఫైలును మాత్రం మ్యాప్ చేస్తుంది. అబ్‌స్ట్రాక్ట్‌ఇండెక్స్ అనే క్లాసు బఫర్‌ను లోపల దాచుకుంటుంది. దాని నుంచి ఆఫ్‌సెట్‌ఇండెక్స్, టైమ్‌ఇండెక్స్ దిగుతాయి.

ఆఫ్‌సెట్ ఇండెక్సులో ఒక్కో ఎంట్రీ సరిగ్గా 8 బైట్లు. మొదటి 4 బైట్లలో మెసేజ్ వరస సంఖ్య ఉంటుంది, అదీ ఆ సెగ్మెంట్ (లాగ్‌ను విడగొట్టిన ఫైళ్లలో ఒకటి) మొదటి సంఖ్య నుంచి ఎంత దూరమో అంత వరకే. తర్వాతి 4 బైట్లలో లాగ్ ఫైలులో ఆ మెసేజ్ ఉన్న చోటు. అన్నీ ఒకే సైజు కాబట్టి 500 నంబరు ఎంట్రీ కావాలంటే వెతకక్కర్లేదు: 500ను 8తో గుణించి, 4000వ బైటు దగ్గర ఒక గెట్‌ఇంట్, 4004 దగ్గర ఇంకో గెట్‌ఇంట్. ప్రతి మెసేజ్‌కూ ఎంట్రీ ఉండదు. డిఫాల్ట్ సెట్టింగులో లాగ్ సుమారు 4096 బైట్లు పెరిగినప్పుడల్లా ఒకటి పడుతుంది. 1 జీబీ సెగ్మెంట్‌కు లెక్క వేస్తే 2,62,144 ఎంట్రీలు, అంటే 2 ఎంబీ. ఫైలును ముందే 10 ఎంబీకి పెంచి మ్యాప్ చేసుకుని, సెగ్మెంట్ నిండి కొత్తది మొదలైనప్పుడు మిగిలిన తోక కోసేస్తారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ రెండున్నర లక్షల పైచిలుకు ఎంట్రీలకు అన్ని ఆబ్జెక్టులు హీప్‌లో పుట్టవు. మ్యాప్ చేసిన మెమరీలో జావా ఆబ్జెక్టు పెట్టడం కుదరదు. ఆబ్జెక్టుకు హెడర్ ఉంటుంది, రిఫరెన్సులు ఉంటాయి, కలెక్టర్ దాన్ని చోటు మారుస్తుంది కూడా. ఫైలులో ఉండగలిగేవి బైట్లు మాత్రమే. కాబట్టి ఒక్క ఆబ్జెక్టు ఆ బైట్ల మీద జరుగుతూ, ఏ ఎంట్రీ అడిగితే ఆ ఎంట్రీగా కనిపిస్తుంది. డిజైన్ ప్యాటర్న్‌ల పుస్తకాల్లో ఫ్లైవెయిట్ అనేదానికి ఇది దగ్గరి చుట్టం. గార్బేజ్ కలెక్టర్ నెత్తిన బరువు పడదు.

వెతకడం బైనరీ సెర్చ్. ఇక్కడే మ్యాపింగ్ తన అసలు స్వభావం చూపించింది. కాఫ్కాలో ఇండెక్సును అడిగేవాళ్లలో ఎక్కువమంది తాజా మెసేజ్‌ల కోసమే వస్తారు, అంటే ఫైలు చివరికి. మామూలు బైనరీ సెర్చ్ మాత్రం మొదట మధ్య ఎంట్రీని తాకుతుంది, ఆపైన ముప్పావు దగ్గర, ఆపైన ఇంకా ముందుకు. ఎప్పుడూ అవే కొన్ని పేజీలను తాకుతున్నంత కాలం అవి పేజ్ కాష్‌లో పదిలంగా ఉంటాయి. ఇండెక్సు పెరిగి కొత్త పేజీలోకి అడుగుపెట్టగానే మధ్య బిందువులన్నీ జరుగుతాయి. ఇంతకాలం ఎవరూ ముట్టని పేజీలను సెర్చ్ తాకుతుంది. వాటిని కెర్నల్ ఎప్పుడో కాష్‌లోంచి తీసేసి ఉంటుంది కాబట్టి డిస్కు దాకా వెళ్లాలి. కొన్ని మిల్లీసెకన్లలో అయిపోయే పని దాదాపు ఒక సెకను దాకా సాగిందని కాఫ్కా సోర్సులోని కామెంట్ చెబుతుంది.

పరిష్కారం చాలా అందంగా ఉంది. ఫైలు చివరి 8192 బైట్లను వార్మ్ సెక్షన్ అన్నారు. ముందు ఆ భాగంలోనే వెతుకుతారు, అక్కడ లేకపోతేనే మిగతా దాంట్లోకి వెళ్తారు. 8192 ఎందుకంటే, అందులో 1024 ఎంట్రీలు పడతాయి, అవి లాగ్‌లో సుమారు 4 ఎంబీ మేర తాజా మెసేజ్‌లకు సరిపోతాయి. పేజీ సైజు 4096గానీ అంతకు మించిగానీ ఉంటే, ఆ 8192 బైట్లు మహా అయితే 3 పేజీల్లో పరుచుకుంటాయి. ఆ భాగంలో వెతికిన ప్రతిసారీ మొదలు, మధ్య, చివర ఎలాగూ తాకుతాం కాబట్టి ఆ పేజీలు కాష్‌లోంచి జారిపోయే అవకాశం ఉండదు. అల్గారిథమ్ పుస్తకంలో లాగ్ ఎన్ అని ఒక్క ముక్కలో తేల్చే బైనరీ సెర్చ్‌ను, కెర్నల్ పేజీల లెక్క చూసి తిరగరాయాల్సి వచ్చిందన్నమాట.

గెట్‌ఇంట్ అనే మెథడ్ చూడటానికి అర్రేలోంచి అంకె తీసినట్టే ఉంటుంది. నానోసెకన్లలో తిరిగి రావచ్చు, డిస్కు దాకా వెళ్లి మిల్లీసెకన్ల తర్వాతా రావచ్చు. మెథడ్ పేరులోగానీ, సిగ్నేచర్‌లోగానీ, అది విసిరే ఎక్సెప్షన్లలోగానీ ఆ సూచన ఎక్కడా లేదు. జావాలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. రీడ్ కాల్‌లో ఇరుక్కున్న థ్రెడ్ నేటివ్ కోడ్‌లో ఉన్నట్టు జావా కోడ్‌ను నడిపే జేవీఎంకు తెలుసు, కలెక్టర్ దానికోసం ఆగదు. పేజ్ ఫాల్ట్‌లో ఇరుక్కున్న థ్రెడ్ మాత్రం జేవీఎం దృష్టిలో ఇంకా జావా కోడ్ నడుపుతున్నట్టే లెక్క. గార్బేజ్ కలెక్షన్‌కు అన్ని థ్రెడ్‌లూ సేఫ్‌పాయింట్‌కు, అంటే సురక్షితంగా ఆగగలిగే చోటుకు, చేరాలి. అది చేరదు, డిస్కు జవాబు కోసం కూర్చుంది. దానికోసం మిగతా థ్రెడ్‌లన్నీ నిలబడిపోతాయి. జీసీ (గార్బేజ్ కలెక్షన్) లాగ్‌లో కలెక్షన్ సమయం చిన్నదిగా ఉండి, సేఫ్‌పాయింట్‌కు చేరే సమయం మాత్రం పెద్దదిగా కనిపిస్తే, అనుమానించాల్సిన వాటిలో మ్యాప్డ్ బఫర్ ఒకటి.

పొజిషన్, బైట్ల వరస

బఫర్ ఆబ్జెక్టులో పొజిషన్, లిమిట్ అనే స్థితి ఉంటుంది. మ్యాపింగ్ అందరిదీ కావచ్చు గానీ ఈ స్థితి ఆ ఒక్క ఆబ్జెక్టుది. రెండు థ్రెడ్‌లు ఒకే బఫర్ మీద ఇండెక్సు ఇవ్వకుండా గెట్ అంటే, ఒకరి పొజిషన్‌ను ఇంకొకరు జరుపుతారు. అందుకే కాఫ్కా ప్రతి లుకప్‌కూ ముందు డూప్లికేట్ చేసుకుంటుంది. డూప్లికేట్ అంటే డేటా కాపీ కాదు, అదే మెమరీ మీద కొత్త పొజిషన్‌తో ఇంకో చిన్న ఆబ్జెక్టు. చౌకైన పని.

ఆ చౌకైన పనిలో ఒక గోతి ఉంది. జావా బైట్‌బఫర్ డిఫాల్ట్‌గా బిగ్ ఎండియన్, అంటే పెద్ద విలువ గల బైటు ముందు. మన యంత్రాలు ఎక్కువగా లిటిల్ ఎండియన్. సీ ప్రోగ్రామ్ రాసిన ఫైలు చదవాలంటే ఆర్డర్ మెథడ్‌తో వరస మార్చుకుంటాం. ఆ బఫర్‌కు డూప్లికేట్‌గానీ స్లైస్‌గానీ చేస్తే, కొత్త ఆబ్జెక్టు తల్లి వరసను వారసత్వంగా తీసుకోదు, మళ్లీ బిగ్ ఎండియన్‌కే పోతుంది. ఫైలులో 1, 0, 0, 0 అని ఉన్న నాలుగు బైట్లు తల్లి బఫర్‌లో 1గా, పిల్ల బఫర్‌లో 1,67,77,216గా కనిపిస్తాయి. ఎక్సెప్షన్ రాదు, తప్పు అంకె వస్తుంది. కాబట్టి డూప్లికేట్ చేసే చోటును క్లాసులో ఒకే ప్రైవేట్ మెథడ్‌కు పరిమితం చేసి, వరసను అక్కడే మళ్లీ పెట్టాలి.

2 జీబీ గోడ, తెలుగు అక్షరం

బైట్‌బఫర్‌లో ఇండెక్సు ఇంట్ టైపు. కాబట్టి ఒక మ్యాపింగ్ 2,14,74,83,647 బైట్లు దాటకూడదు, దాటితే మ్యాప్ మెథడ్ ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ విసురుతుంది. పెద్ద ఫైలును ముక్కలుగా మ్యాప్ చేయాలి. సెర్చ్ ఇంజన్ లైబ్రరీ లూసీన్ చాలాకాలం 64 బిట్ యంత్రాల్లో ఫైళ్లను 1 జీబీ ముక్కలుగానే మ్యాప్ చేసింది.

ముక్కల సరిహద్దు దగ్గర ఏం జరుగుతుందో తెలుగు టెక్స్ట్‌తో చూస్తే తేటగా తెలుస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ప్రతిదానికీ 3 బైట్లు. "తెలుగు" అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6 కోడ్ పాయింట్లు, 18 బైట్లు. ఇప్పుడు ఖాళీలు కూడా లేని శుద్ధ తెలుగు ఫైలును 1 జీబీ ముక్కలు చేశామనుకోండి. 1,07,37,41,824ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే మొదటి ముక్క చివర ఒక అక్షరం తాలూకు 1 బైటు, రెండో ముక్క మొదట్లో దాని మిగతా 2 బైట్లు. త అనే అక్షరం 224, 176, 164 అనే బైట్లు అయితే, 224 ఇటు, 176, 164 అటు. ఏ ముక్కకా ముక్కను డీకోడ్ చేస్తే రెండు వైపులా పనికిరాని గుర్తులు వస్తాయి. ఇంగ్లిష్ ఫైలుతో మాత్రమే టెస్ట్ చేసినవాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే అక్కడ అక్షరానికి ఒకే బైటు. భారతీయ భాషల టెక్స్ట్ మీద పనిచేసేవాళ్లు ఈ టెస్టును మొదటి రోజే రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సరిచేయడం కష్టం కాదు. యూటీఎఫ్-8లో అక్షరం మధ్యలో వచ్చే బైట్లన్నీ 128 నుంచి 191 మధ్యే ఉంటాయి. సరిహద్దు దగ్గర అలాంటి బైటు కనిపిస్తే వెనక్కి జరుగుతూ, ఆ కోవలోది కాని బైటు దొరికిన చోట ముక్కను మొదలుపెట్టాలి. మూడు అడుగులకు మించి జరగక్కర్లేదు. జావాలో బైట్ టైపుకు మైనస్ గుర్తు ఉంటుందని మరవకండి. 224 అక్కడ -32గా కనిపిస్తుంది, 255తో బిట్ అండ్ చేశాకే పోల్చాలి.

రాసినది డిస్కుకు ఎప్పుడు చేరుతుంది

పుట్‌ఇంట్ చేసిన వెంటనే డేటా పేజ్ కాష్‌లో ఉంటుంది. మన ప్రాసెస్ కుప్పకూలినా అది పోదు, ఎందుకంటే ఆ పేజీ కెర్నల్‌ది. కరెంటు పోతే మాత్రం పోవచ్చు. డిస్కుకు చేరిందని నమ్మకం కావాలంటే ఫోర్స్ మెథడ్ పిలవాలి. జావా 13 నుంచి బఫర్‌లో ఒక భాగాన్ని మాత్రమే ఫోర్స్ చేసే వీలుంది.

ఫోర్స్ పిలవకముందు ఏ పేజీ ఎప్పుడు డిస్కుకు వెళ్తుందో కెర్నల్ ఇష్టం. ఇండెక్సుకు ఇది పరవాలేదు, పాడైతే లాగ్ చూసి మళ్లీ కట్టుకోవచ్చు. డేటాబేస్‌కు ఇది ప్రాణసంకటం. ట్రాన్సాక్షన్ లాగ్ ముందు, డేటా పేజీ తర్వాత డిస్కుకు చేరాలన్న నియమాన్ని మ్యాప్ చేసిన పేజీల మీద నిలబెట్టడం చాలా కష్టం. మాంగోడీబీ డేటాబేస్ తొలి స్టోరేజ్ ఇంజన్ ఎమ్‌మ్యాప్‌వీ1 పేరులోనే మ్యాపింగ్ ఉంది. 2015లో 3.2 వెర్షన్‌తో వైర్‌డ్‌టైగర్ అనే ఇంజన్ డిఫాల్ట్ అయింది, 2019లో 4.2తో పాత ఇంజన్‌ను పూర్తిగా తీసేశారు. 2022లో ఆండ్రూ క్రాటీ, విక్టర్ లైస్, ఆండ్రూ పావ్లో రాసిన పరిశోధన పత్రం కూడా డేటాబేస్ రాసేవాళ్లను మ్యాపింగ్ జోలికి వెళ్లొద్దనే హెచ్చరించింది. ఎల్‌ఎమ్‌డీబీ లాంటివి మ్యాపింగ్‌తోనే నిలబడ్డాయి నిజమే, కానీ పేజీని ఉన్నచోటే మార్చకుండా కొత్త చోట రాసే డిజైన్‌ను అవి మొదటి నుంచీ ఎంచుకున్నాయి.

తప్పులు బయటపడే తీరు కూడా వేరు. మామూలు రైట్‌లో డిస్కు నిండితే ఐఓఎక్సెప్షన్ వస్తుంది, పట్టుకోవచ్చు. మ్యాప్ చేసిన ఫైలును ముందే సాగదీసి ఉంచితే, అందులో చోటు నిజంగా కేటాయించి ఉండకపోవచ్చు. రాసే క్షణంలో డిస్కు నిండితే ఎక్సెప్షన్ ఇవ్వడానికి అక్కడ కాల్ లేదు, ఉన్నది మామూలు మెమరీ రాత. లినక్స్ సిగ్‌బస్ అనే సిగ్నల్ పంపుతుంది. సీ ప్రోగ్రామ్ అయితే అక్కడే చనిపోతుంది. జేవీఎం దాన్ని పట్టుకుని ఇంటర్నల్ఎర్రర్‌గా మారుస్తుంది. మనం మ్యాప్ చేసుకున్న ఫైలును ఇంకో ప్రాసెస్ కత్తిరించినా ఇదే గతి.

మూయడం ఎందుకు ఇంత కష్టం

ఇక అసలు ప్రశ్న. అన్‌మ్యాప్ మెథడ్ పెట్టి ఉంటే ఏమయ్యేది? ఒక థ్రెడ్ అన్‌మ్యాప్ పిలిచింది, కెర్నల్ ఆ అడ్రసులను ఖాళీ చేసింది. ఇంకో థ్రెడ్ దగ్గర అదే బఫర్ రిఫరెన్సు ఉంది. ఈలోగా వేరే మ్యాపింగ్ అదే అడ్రసులో వచ్చి కూర్చుంది. పాత బఫర్ మీద గెట్ పిలిస్తే ఇప్పుడు వేరే ఫైలు డేటా వస్తుంది, పుట్ పిలిస్తే వేరే ఫైలు చెడుతుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా పాత తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండిపోయి, తాళం మార్చకుండా యజమాని ఆ ఇంట్లో కొత్తవాళ్లను దింపినట్టు. మెమరీ భద్రత విషయంలో జావా ఇచ్చిన మాట అక్కడితో సరి.

మూశారా లేదా అన్న గుర్తును ప్రతి గెట్‌కు ముందు చూస్తే సరిపోదా? సరిపోదు. గుర్తు చూడటానికీ, మెమరీ తాకడానికీ మధ్య సందులో ఇంకో థ్రెడ్ మూసేయవచ్చు. ఆ సందు పూడ్చాలంటే ప్రతి గెట్‌కూ లాక్ లాంటిది కావాలి. అప్పుడు మ్యాపింగ్‌తో వచ్చే వేగమే పోతుంది. అందుకే తొలి రూపకర్తలు సురక్షితమైన దారి ఎంచుకున్నారు: బఫర్ ఆబ్జెక్టును ఎవరూ పట్టుకుని లేరని గార్బేజ్ కలెక్టర్ తేల్చాకే అన్‌మ్యాప్ అవుతుంది.

దాని మూల్యం ప్రొడక్షన్‌లో తెలుస్తుంది. హీప్‌లో ఆ ఆబ్జెక్టు చాలా చిన్నది, దాని వెనక 1 జీబీ మ్యాపింగ్ ఉంది. కలెక్టర్‌కు హీప్ సైజే తెలుసు, వెనకున్న జీబీ తెలియదు. హీప్ నిండకపోతే తొందరపడదు. విండోస్‌లో అప్పటిదాకా ఫైలును డిలీట్ చేయడం కుదరదు, కత్తిరించడమూ కుదరదు. లినక్స్‌లో డిలీట్ అవుతుంది గానీ డిస్కులో చోటు తిరిగి రాదు. ఫైళ్ల సైజులు కూడితే తక్కువే ఉంటుంది, డిస్కు మాత్రం నిండినట్టు డీఎఫ్ కమాండ్ చూపిస్తుంది. లినక్స్‌లో ఒక ప్రాసెస్‌కు మ్యాపింగ్‌ల సంఖ్య మీద కూడా హద్దుంది, చాలాకాలంగా ఉన్న డిఫాల్ట్ 65,530. ఓపెన్‌జేడీకే కోడ్‌లో మ్యాప్ విఫలమైతే ఏం చేస్తుందో చూడండి: సిస్టమ్.జీసీ పిలిచి, 100 మిల్లీసెకన్లు నిద్రపోయి, మళ్లీ ఒకసారి ప్రయత్నిస్తుంది. అప్పటికీ కాకపోతే మ్యాప్ ఫెయిల్డ్ అంటుంది. చెత్తలో పడి ఉన్న పాత బఫర్లు ఈలోగా వదులుతాయేమోనన్న ఆశ తప్ప అందులో ఇంకేమీ లేదు.

కాఫ్కా ఈ విషయంలో కలెక్టర్ కోసం ఆగదు. కలెక్టర్ అన్‌మ్యాప్ చేసేటప్పుడు డిస్కు నుంచి మెటాడేటా చదవాల్సి వస్తే, ఆ కాసేపూ అన్ని థ్రెడ్‌లూ ఆగిపోతాయని వాళ్లు గమనించారు. అందుకే ఇండెక్సు మూసేటప్పుడు అన్‌సేఫ్ క్లాసులోని ఇన్వోక్‌క్లీనర్ అనే దొడ్డిదారి గుండా తామే అన్‌మ్యాప్ చేసి, ఫీల్డును నల్ చేస్తారు. బఫర్ బయటికి వెళ్లలేదన్న భరోసా ఉన్న క్లాసు మాత్రమే ఈ సాహసం చేయగలదు.

ఇతర భాషలు ఎటువైపు మొగ్గాయో చూస్తే పేచీ ఇంకా స్పష్టమవుతుంది. సీ++లో డిస్ట్రక్టర్ ఉంది, స్కోప్ దాటగానే అన్‌మ్యాప్ అవుతుంది. ఆ తర్వాత పాత పాయింటర్ వాడితే ప్రోగ్రామర్ ఖర్మ. 2010లో డాట్‌నెట్ 4.0తో వచ్చిన మెమరీమ్యాప్డ్‌ఫైల్ క్లాసుకు డిస్పోజ్ ఉంది. పైథాన్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఎమ్‌మ్యాప్ ఆబ్జెక్టు మీద ఎవరైనా మెమరీవ్యూ (కాపీ లేకుండా అదే మెమరీని చూసే ఆబ్జెక్టు) తీసుకుని ఇంకా పట్టుకుని ఉంటే, క్లోజ్ పిలిచినప్పుడు అది బఫర్‌ఎర్రర్ విసిరి, మూయడానికి ఒప్పుకోదు. ఎంతమంది వాడుతున్నారో లెక్క తన దగ్గరే ఉంచుకుంటుంది.

అరీనా

జావా 22లో స్థిరపడిన ఫారిన్ ఫంక్షన్ అండ్ మెమరీ ఏపీఐ ఈ ముడిని వేరే చోట విప్పింది. జీవితకాలాన్ని బఫర్ నుంచి తీసేసి అరీనా అనే విడి ఆబ్జెక్టుకు అప్పగించింది. ఫైల్‌చానెల్ మ్యాప్ మెథడ్‌కు ఇప్పుడు నాలుగో ఆర్గ్యుమెంట్‌గా అరీనా ఇస్తే, బఫర్ బదులు మెమరీసెగ్మెంట్ అనే ఆబ్జెక్టు వస్తుంది (కాఫ్కా లాగ్ సెగ్మెంట్ వేరు). అరీనాకు క్లోజ్ ఉంది, ట్రై బ్లాకులో పెట్టుకోవచ్చు. అరీనా మూసుకుంటే అందులో పుట్టిన సెగ్మెంట్లన్నీ ఒక్కసారే చెల్లకుండా పోతాయి. తర్వాత ఎవరు తాకినా ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది, వేరేవాళ్ల డేటా రాదు. ఇండెక్సు లాంగ్ కాబట్టి 2 జీబీ గోడ కూడా కూలింది.

మరి థ్రెడ్‌ల మధ్య ఆ సందు? అరీనాల్లో రకాలు పెట్టింది అందుకే. కన్‌ఫైన్డ్ అరీనా సెగ్మెంటును పుట్టించిన థ్రెడ్ తప్ప ఇంకెవరూ తాకలేరు, కాబట్టి సందే లేదు. షేర్డ్ అరీనాను అందరూ తాకవచ్చు. దాన్ని మూసేటప్పుడు జేవీఎం నడుస్తున్న థ్రెడ్‌లన్నిటితో ఒక్కొక్కటిగా హ్యాండ్‌షేక్ చేసి, ఎవరూ ఆ మెమరీ మధ్యలో లేరని నిర్ధారించుకుంటుంది. అంటే ఖర్చును ప్రతి గెట్ మీద వేయకుండా, అరుదుగా జరిగే క్లోజ్ మీద వేశారు. ఈ ఒక్క మార్పుతో 2002 నాటి అభ్యంతరం తొలగిపోయింది. ఆటో అరీనా అయితే పాత పద్ధతిలోనే కలెక్టర్‌కు వదిలేస్తుంది. గ్లోబల్ అరీనాను ఎప్పటికీ మూయరు.

షేర్డ్ క్లోజ్ ఉచితం కాదు. వందల ఫైళ్లను తెరుస్తూ మూస్తూ ఉండే ప్రోగ్రామ్‌లో ఫైలుకో అరీనా పెడితే హ్యాండ్‌షేక్‌లే భారమవుతాయి. లూసీన్‌కు ఇదే ఎదురైంది. ఒకే ఇండెక్సు సెగ్మెంటుకు చెందిన ఫైళ్లను ఒకే అరీనా కింద చేర్చి, చివరి ఫైలు మూసుకున్నప్పుడే అరీనాను మూసే ఏర్పాటు చేసుకుంది. కాబట్టి కొత్తగా రాసే క్లాసులో ముందు తేల్చుకోవాల్సింది, ఏ ఫైళ్లు కలిసి పుట్టి కలిసి పోతాయన్నది. అరీనాలను ఆ గుంపుల ప్రకారం పెట్టుకోవాలి.

పాత కోడ్ అంతా బైట్‌బఫర్‌నే అడుగుతుంది కదా అంటే, సెగ్మెంటు మీద యాజ్‌బైట్‌బఫర్ పిలిస్తే అదే మెమరీ మీద పాత రకం బఫర్ వస్తుంది. అది 2 జీబీ లోపు సెగ్మెంటుకే కుదురుతుంది, బైట్ల వరస మళ్లీ బిగ్ ఎండియన్ నుంచే మొదలవుతుంది. అయితే అరీనా మూసుకుంటే ఈ బఫర్ కూడా చెల్లదు. ఉన్న క్లాసులో మ్యాప్ చేసే ఒక్క లైనూ, మూసే ఒక్క మెథడూ మార్చి, చదివే కోడ్‌ను అలాగే ఉంచి, అన్‌సేఫ్ దొడ్డిదారిని ఈ రోజే తీసేయవచ్చు.